మా స్కూల్ బోర్డుకు: సోమాలీ భాషను వాడుకుంటున్నారు సరే, నేర్పేదెప్పుడు?

బోర్డు సభ్యులకు నమస్కారం.

పోయిన నెల మీటింగులో నాకు 3 నిమిషాలిచ్చారు. మూడో నిమిషం అయిపోగానే గంట మోగింది, మైకు ఆగింది. అప్పటికి నేను సగం కూడా చెప్పలేదు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, రూలు అందరికీ ఒకటే. నా ముందు మాట్లాడిన పెద్దాయన పార్కింగ్ గురించి చెబుతూ చెబుతూ మాట మధ్యలోనే కూర్చోవాల్సి వచ్చింది. ఆరోజు మిగిలిపోయింది ఇప్పుడు రాస్తున్నాను. ఇంగ్లీషులో రాయగలను, కానీ రాయను. మీలో ఒక్కరికీ తెలుగు రాదని తెలిసే తెలుగులో రాస్తున్నాను. దీన్ని చదవాలంటే మీరు ఎవరినో ఒకరిని పిలిపించుకోవాలి. ఎవరిని పిలుస్తారన్నది చివర్లో మాట్లాడుకుందాం.

నేను మీ బడుల్లో ఒకదాంట్లో తొమ్మిదేళ్లుగా పారాగా పని చేస్తున్నాను. పారా అంటే టీచరు పక్కన కూర్చుని, వెనకబడిన పిల్లలకు చేదోడుగా ఉండే మనిషి. (ఇది చదివే తెలుగువాళ్ల కోసం: హైదరాబాదు, సికింద్రాబాదుల్ని మనం జంట నగరాలంటామే, మిన్నియాపోలిస్, సెయింట్ పాల్‌లనూ ఇక్కడ అలాగే అంటారు. మా ఊరు వాటి శివారు. 1991 జనవరిలో సోమాలియా ప్రభుత్వం కూలిపోయాక, కెన్యా శిబిరాల్లో ఏళ్లకేళ్లు గడిపి ఈ మంచు దేశానికి వచ్చిన సోమాలీలు అమెరికా మొత్తంలో ఎక్కువగా ఉన్నది ఈ మిన్నెసోటా రాష్ట్రంలోనే.) నాకు సోమాలీలు ఇక్కడే మొదటిసారి కనబడలేదు. మా నాన్నకు టోలిచౌకిలో కిరాణా కొట్టుండేది. హైదరాబాదుకు చదువుకోడానికి వచ్చిన సోమాలీ కుర్రాళ్లు మా కొట్లోనే బియ్యం కొనేవాళ్లు. అన్నంతో పాటు అరటిపండు తింటారని పక్కన ఒక గెల కూడా వేలాడదీసేవాడు నాన్న. ‘బరీస్’ అంటే బియ్యమని నాకు అక్కడే తెలిసింది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మన బడి సోమాలీ పిల్లల భాషను రోజూ వాడుకుంటోంది. ఒక్కరోజు కూడా నేర్పడం లేదు.

రెండేళ్ల కిందట, నవంబరులో, రెండో తరగతి పిల్లాడి గురించి మీటింగు పెట్టారు. వాడికి చదవడం పట్టుబడటం లేదు, పరీక్షలు చేయించాలని తల్లికి చెప్పాలి. రావాల్సిన దుబాసీ రాలేదు. ఫోన్లో దొరుకుతారేమోనని ఇరవై నిమిషాలు ఆ లైన్లో మ్యూజిక్ విన్నాం. రాత్రంతా గోదాములో షిఫ్టు చేసి వచ్చిన తల్లికి కళ్లు మూతలు పడుతున్నాయి. చివరికి ఎవరో అన్నారు, అక్క ఐదో తరగతిలో ఉంది కదా, పిలిపిద్దామని. పదేళ్ల పిల్ల వచ్చి తల్లి పక్కన కుర్చీ అంచు మీద కూర్చుంది. టీచరు మంచి మనిషి, నెమ్మదిగా చెప్పింది: మీ తమ్ముడికి లెర్నింగ్ డిజెబిలిటీ ఉందేమో చూడాలి, భయపడాల్సింది ఏమీ లేదు, తెలివైన పిల్లాడే. ఆ పిల్ల కాసేపు టేబుల్ వంక చూసింది. తర్వాత తల్లితో మూడు మాటలంది. ‘అక్లి మా లహా.’

నాకు సోమాలీ అప్పటికి అంతంత మాత్రం. కానీ హైదరాబాదులో పుట్టినదాన్ని, ‘అకల్’ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. అటు సోమాలీకీ ఇటు మన ఉర్దూకీ ఆ మాట అరబ్బీ నుంచే వచ్చింది. ‘వాడికి బుద్ధి లేదు’ అని చెప్పింది ఆ పిల్ల. తల్లి చేతులు పరదా చెంగులోకి వెళ్లిపోయాయి. ఏదో అడిగింది. కూతురు దాన్ని ఇంగ్లీషులోకి మార్చలేదు. టీచరు నవ్వుతూ కాగితం ముందుకు జరిపితే తల్లి సంతకం పెట్టింది.

ఆ పిల్ల తప్పేమీ లేదు. అన్నం, నిద్ర, కోపం, నమాజు, తమ్ముడితో తగువు, వీటన్నిటికీ ఆమె దగ్గర సోమాలీ మాటలున్నాయి. ఐదేళ్ల వయసు దాకా ఏమేం కావాలో అన్నీ ఉన్నాయి. ఐదో ఏట మన కిండర్‌గార్టెన్‌లో చేరింది. ఆరోజు నుంచి కొత్త మాట ప్రతిదీ ఇంగ్లీషులోనే నేర్చుకుంది: భిన్నం, అగ్నిపర్వతం, రాజ్యాంగం, బాధ్యత. సోమాలీ అక్కడే ఆగిపోయింది. ఐదేళ్ల పిల్ల మాటలతో ఐదో తరగతి పిల్ల ఒక పెద్ద సంగతి మోయాల్సి వచ్చింది. మోయలేక కింద పడేసింది.

పిల్లల్ని, వాళ్ల తోబుట్టువుల్ని దుబాసీలుగా వాడకూడదని 2015 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ, న్యాయశాఖ కలిసి అన్ని స్కూల్ డిస్ట్రిక్టులకూ రాశాయి. ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, కాగితాలూ మారాయి. కాగితం సంగతి అలా ఉంచండి. ఆ గదిలో కూర్చున్న మా ఐదుగురికీ అది తప్పని తెలుసు. నాతో సహా ఎవరూ నోరు మెదపలేదు. అందుకే ఈ ఉత్తరం.

దుబాసీ అన్నది మాకు పాత మాట, రెండు భాషల మనిషి అని. మన బడి ఆఫీసులో ఏ క్లాసులో ఏ పిల్లకు సోమాలీ వచ్చో సెక్రెటరీకి నోటికి వచ్చు. బస్సు ఆలస్యమైతే ఒకడిని పిలుస్తారు. జ్వరం వచ్చిన పిల్లాడి ఇంటికి ఫోన్ చేయాలంటే ఇంకొకరిని. ఏడో తరగతి అబ్బాయి ఒకడు తన మీద తనకే దుబాసీ అయ్యాడు. హోంవర్కు చేయడు, ఎదురు మాట్లాడతాడు అని టీచరు చెబుతుంటే వాడు తల్లి వైపు తిరిగి ‘ఫీఅన్’ అన్నాడు, బాగున్నానంటోందని. తల్లి ఎంతో సంతోషంగా ‘మహద్‌సనిద్’ అని టీచరుకు థాంక్స్ చెప్పింది. నవ్వొచ్చింది, కాదనను. తర్వాత బాత్రూమ్ దగ్గర వాడిని పట్టుకుంటే, ‘మిస్, ఎదురు మాట్లాడటం అనేదాన్ని మా భాషలో ఏమంటారో నాకు నిజంగా తెలియదు’ అన్నాడు. సగం అబద్ధమే అయ్యుండాలి. మిగతా సగం మాత్రం నిజం.

పోయేది డిక్షనరీలో నాలుగు మాటలే అనుకుంటే పొరపాటు. మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. మనవలు ‘అయేయో’ అంటారు, అంటే అమ్మమ్మ, నానమ్మ ఎవరైనా. నేనూ అలాగే పిలుస్తాను. సోమాలీల హర్గేసా నగరం దగ్గర పుట్టి పెరిగింది. ఒక ఈద్‌కి ముందు రోజు వాళ్ల వంటింట్లో ఉన్నాను. అలసందలు నానబెట్టి, పచ్చిమిర్చి వేసి రుబ్బి, నూనెలో వేస్తోంది. బజియే అంటారు వాళ్లు. మా అమ్మ చేసే అలసంద వడలే, చిల్లు లేదంతే. మనవడు లోపలికి వచ్చి, రేపు నమాజు అయ్యాక మాల్‌కి వెళ్తామని ఏదో చెప్పాడు. ఆవిడ గరిటె పక్కన పెట్టింది. ‘మరి నన్నెక్కడ దింపుతావు?’ అంది. వాడికి అర్థం కాలేదు. నాకూ వెంటనే కాలేదు. ఆవిడే చెప్పింది: వీడు ‘అన్నగ’ అన్నాడు, ‘ఇన్నగ’ అనాలి.

అప్పుడు నా ఒళ్లు ఝల్లుమంది. అన్నగ అంటే మేము. ఇన్నగ అంటే మనం. ఇంగ్లీషులో రెంటికీ ‘వుయ్’ ఒక్కటే, అందుకే వాడికి చేతికి అందిన మాట వాడేశాడు. అవ్వని కలుపుకునే మాట అనుకుని, అవ్వని బయట నిలబెట్టే మాట అన్నాడు. మా అమ్మాయి ఇదే పని చేస్తుంది. ‘అమ్మా, రేపు మేము ఎక్కడికి వెళ్తున్నాం?’ అని నన్నే అడుగుతుంది. నేను తిడతాను. తిట్టాక నవ్వుకుంటాను. ఆరోజు అయేయో మాత్రం నవ్వలేదు. నూనె మాడుతోందని నేనే స్టవ్ తగ్గించాను.

ఇంకొకటి చూడండి. మీ ఫారంలో పిల్లని తీసుకెళ్లడానికి వచ్చే మనిషి ఏమవుతారో రాసే గడి ఉంటుంది. ఒక పాపకు నలుగురు ‘అంకుల్’లు ఉన్నారని ఆఫీసులో ఒకరు కళ్లెగరేశారు. సోమాలీలో మేనమామ ‘అబ్తి’, తండ్రి తరఫు బాబాయి, పెదనాన్న ‘అదేర్’. పిన్ని ‘హబర్‌యర్’, విడదీస్తే చిన్న అమ్మ అనే, మా పిన్నికి ఉన్న అర్థమే. మేనత్త ‘ఏద్దో’. ఎవరు ఎటువైపు చుట్టమో పిలుపులోనే తెలిసిపోతుంది. మన ఫారం ఆ నలుగురినీ ఒకే గడిలో కుక్కేసి, మళ్లీ అనుమానంగా చూస్తుంది. పిల్లలు ఫారం భాషే నేర్చుకుంటారు. ఆ పాప ఇప్పుడు ఇంట్లో కూడా అందరినీ అంకుల్ అంటోందట.

మా సహోద్యోగి ఒకామె ఒక పిల్లాడి ముద్దుపేరు ‘హోయో’ అనుకుని ఏడాదంతా అలాగే పిలిచింది. వాళ్లమ్మ వాడిని అలా పిలవడం విందట. హోయో అంటే అమ్మ. సోమాలీ తల్లి బిడ్డను ‘హోయో’ అంటుంది, మేనమామ మేనల్లుడిని ‘అబ్తి’ అంటాడు. ఎవరు పిలుస్తున్నారో ఆ పేరే తిరిగి పిల్లల మీద ముద్దుగా వాలుతుంది. మా నాన్న నన్ను ‘అమ్మా’ అనే పిలిచేవాడు కాబట్టి నాకు వింత అనిపించలేదు. ఆమెకు మాత్రం జూన్ దాకా తెలియలేదు. ఎవరిని అడగాలో కూడా తెలియలేదు, పాపం. బడి మొత్తంలో సోమాలీ వచ్చిన పెద్దమనిషి మధ్యాహ్నం భోజనాల దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ భోజనాల దగ్గరున్న మనిషి మా అయేయోనే. ఆవిడ సంగతి చెప్పాలి మీకు.

సోమాలీకి శతాబ్దాల నాటి కవిత్వం ఉంది గానీ, అందరూ ఒప్పుకున్న రాత చాలాకాలం లేదు. అరబ్బీ లిపి అన్నవాళ్లు, ఉస్మానియా అనే సొంత లిపి అన్నవాళ్లు, లాటిన్ అన్నవాళ్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 1972 అక్టోబరు 21న లాటిన్ లిపిని అధికారికం చేశారు. 1974లో హైస్కూళ్లు ఒక ఏడాది మూసేసి, విద్యార్థుల్ని ఒంటెల వెంట తిరిగే సంచార కుటుంబాల దగ్గరికి పంపారు, చదువు నేర్పి రమ్మని. ‘తెలిస్తే నేర్పు, తెలియకపోతే నేర్చుకో’ అన్నది ఆనాటి నినాదం. సోమాలీలో ‘బర్’ అంటే నేర్పు, ‘బరో’ అంటే నేర్చుకో. మా భాషలో లాగే రెండూ ఒకే మాటకు పుట్టిన పిల్లలు. అయేయోకి అప్పుడు పదహారేళ్లు. ఒక ముళ్లచెట్టు కింద, చెట్టుకు కట్టిన నల్లబల్ల మీద, తనకంటే మూడింతల వయసున్న పశువుల కాపరులకు అక్షరాలు దిద్దించిందట. కరువు ఏడాది అది. ఒంటెలు చచ్చిపోతుంటే పాఠం ఆపి నీళ్లు మోశారట. నిరిగ్ అంటే ఒంటె పిల్ల, హల్ అంటే ఆడ ఒంటె, అవుర్ అంటే బరువు మోసేది, ఒక్క ఒంటెకే ఇన్ని పేర్లుంటే అవన్నీ తనకే వాళ్లు నేర్పారని చెబుతుంది. ఈ ముక్క చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారుతుంది.

అలాంటి మనిషి రెండేళ్ల కిందట మన బడికి వచ్చి, వారానికి రెండు గంటలు ఊరికే సోమాలీ నేర్పుతానంది. టీచింగ్ లైసెన్సు లేదు కాబట్టి కుదరదన్నారు. వాలంటీరుగా కావాలంటే లంచ్‌రూమ్‌లో ఖాళీ ఉందన్నారు. ఇప్పుడు ఆవిడ చిన్నపిల్లల పాలడబ్బాలు తెరిచిపెడుతుంది. ఒకరోజు ఒక పాప ఇంటి నుంచి తెచ్చుకున్న పొట్లం మీది సోమాలీ మాటను ఇంగ్లీషు పద్ధతిలో ‘కానో’ అని చదివింది. ఆ మాట ‘ఆనో’, అంటే పాలు. సోమాలీ రాతలో ‘సి’ అక్షరం గొంతు అడుగు నుంచి వచ్చే ఒక శబ్దానికి గుర్తు, ‘ఎక్స్’ అక్షరం బలంగా ఊదే హకారానికి. ఈ రెండు గుట్లూ, ఇంకో మూడు నాలుగూ చెబితే చాలు, ఆ తర్వాత మా తెలుగులాగే, పలికినట్టే రాత, రాసినట్టే చదువు. నిలకడగా చెబితే మూడు వారాల పని అంటుంది అయేయో. పాలడబ్బా చేతిలో పట్టుకునే ఆ పాపకు ఆ ఒక్క మాటా దిద్దింది. వెనక లైన్ ఆగిపోయిందని సూపర్‌వైజర్ వచ్చి తొందర పెట్టింది.

ఈ మూడు వారాల పని ఎవరూ చేయకపోతే ఏమవుతుందో కూడా చెబుతాను. రెండు భాషలొచ్చిన హైస్కూలు పిల్లలకు ముద్ర వేసి సర్టిఫికెట్ ఇవ్వాలని మన రాష్ట్రమే 2014లో చట్టం చేసింది. దాని మీద స్టేట్ కాలేజీల్లో క్రెడిట్లు వస్తాయి, అంటే ఆ మేరకు ఫీజు డబ్బు మిగులుతుంది. అయేయో పెద్ద మనవరాలు ఆ పరీక్ష రాసింది. వినడం, మాట్లాడటం గట్టెక్కింది. చదవడం, రాయడం దగ్గర బోల్తా పడింది. ఇంట్లో పద్దెనిమిదేళ్లు మాట్లాడిన భాషలో తప్పానని బయటికి చెప్పుకోలేక నెల రోజులు టెన్షన్‌తో తిరిగింది. అదే క్లాసులో నాలుగేళ్లు స్పానిష్ చదివి, ఒక్క స్పానిష్ ఇంట్లో కూడా కాలు పెట్టని అబ్బాయికి ముద్ర పడింది. వాడిని తప్పు పట్టను, కష్టపడ్డాడు. వాడికి క్లాసు ఉంది, ఈమెకు లేదు, తేడా అంతే.

ఖర్చంటారు, టీచర్లు దొరకరంటారు. సెయింట్ పాల్‌లో 2023లో ఈస్ట్ ఆఫ్రికన్ ఎలిమెంటరీ మ్యాగ్నెట్ స్కూలు తెరిచారు, సోమాలియా లాంటి తూర్పు ఆఫ్రికా దేశాల భాషలకు, సంస్కృతికి పెద్దపీట వేసే బడి, మనకు అరగంట దూరం. మిన్నెసోటా యూనివర్సిటీలో సోమాలీ చెబుతున్నారు. స్వీడన్‌లో ఒక భాష పిల్లలు ఐదుగురు ఉండి, తగిన టీచరు దొరికితే చాలు, మున్సిపాలిటీ మాతృభాష పాఠం పెట్టి తీరాలి. అక్కడ సోమాలీ పిల్లలు చాలామంది అలా చదువుతున్నారు. అన్నిచోట్లా ఇలాగే ఉందని చెప్పను. డెన్మార్క్ 2002లో యూరప్ బయటి భాషలకు ఆ బాధ్యతే తీసేసింది. బ్రిటన్‌లో సోమాలీ ఓడ కళాసీలు కార్డిఫ్ రేవులో స్థిరపడి వందేళ్లు దాటినా, ఉర్దూకి, బెంగాలీకి, గుజరాతీకి ఉన్న జీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటిది) పరీక్ష సోమాలీకి ఈరోజుకీ లేదు. మీరు ఎవరి పక్కన నిలబడతారో మీరే తేల్చుకోండి.

ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, పిల్లలు తొందరగా పైకొస్తారని మన టీచర్లలో కొందరు తల్లులకు ఇప్పటికీ చెబుతారు. ఇది మాత్రం దయచేసి ఆపించండి. ఇంగ్లీషు పది వాక్యాలు వచ్చిన తల్లి పిల్లతో ఆ పది వాక్యాల్లోనే బతికితే, ఆ పిల్లకు కథ ఉండదు, తిట్టుండదు, సామెత ఉండదు, ‘ఇది తిను, అక్కడ కూర్చో’ తప్ప. సోమాలీ పద్యంలో ప్రతి పాదంలో ఒకే అక్షరంతో మొదలయ్యే మాట పడాలి, మొదటి పాదం నుంచి చివరి పాదం దాకా అదే అక్షరం. మా యతికి పెద్దన్న. రాయడం రాని ముసలివాళ్లు వందల పాదాలు అలా నోటికి చెబుతారు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకు మనం పది వాక్యాలు చాలంటున్నాం.

తప్పంతా బడిదే అనను. వారాంతం మొత్తం ఖురాన్ బడికి పోతుంది, అక్కడ నేర్చేది అరబ్బీ. ఎవరైనా పిల్ల ధైర్యం చేసి సోమాలీలో మాట్లాడితే చుట్టాలు యాసను వెక్కిరిస్తారు. ఒక్కసారి నవ్వితే చాలు, ఆ పిల్ల మళ్లీ ఆరునెలలు నోరు విప్పదు. ఈ సంగతి అయేయోతో పోట్లాడి మరీ చెప్పాను. నాకూ అక్షింతలు పడ్డాయి: ‘నీ కూతురు మేము అంటే నువ్వు తిడతావు కదా!’ అంది. సమాధానం చెప్పలేకపోయాను. కానీ ఇల్లు చేసే తప్పులకు ఇల్లు జవాబు చెప్పుకుంటుంది. ఆ భాషను పనికి వాడుకుంటున్న బడి కూడా తన వంతు జవాబు చెప్పాలి.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఆరో తరగతి నుంచి స్పానిష్, ఫ్రెంచ్ పక్కన సోమాలీ కూడా ఒక పీరియడ్, పగటిపూట, మార్కులతో. బడి వదిలాక అయితే బస్సు ఉండదు, బస్సు లేకపోతే మా పిల్లలుండరు. లైసెన్సున్న టీచరు దొరికేదాకా, లైసెన్సున్న ఎవరినో ఒకరిని గదిలో కూర్చోబెట్టి అయేయో లాంటివాళ్లతో పాఠం చెప్పించండి, జీతమిచ్చి. ఇక తల్లిదండ్రులతో ఏ మీటింగైనా సరే, అందులో పిల్ల దుబాసీ కాకూడదు. దుబాసీ రాకపోతే మీటింగు వాయిదా వేయండి. ఆ రెండో తరగతి పిల్లాడి తల్లికి అసలు సంగతేమిటో అయేయో వెళ్లి చెప్పేదాకా పదకొండు రోజులు పట్టింది. పదకొండు రోజులూ ఆ ఇంట్లో ఆ పిల్లాడిని ఏమనుకున్నారో నేను అడగలేదు.

సరే, చివర్లో అన్నాను కదా. ఈ ఉత్తరం మీ చేతికి రాగానే ఆఫీసులో ఎవరో అంటారు, ఆరో తరగతిలో తెలుగు పిల్ల ఉంది, పిలిపిద్దామని. అది మా అమ్మాయే. తెలుగు గలగలా మాట్లాడుతుంది. అయితే ఇందులో ‘దుబాసీ’ దగ్గర ఆగిపోతుంది, ‘యతి’ దగ్గర ఆగిపోతుంది, వాళ్లమ్మ మిమ్మల్ని నిలదీసిన చోట భయపడి మెత్తగా మార్చేస్తుంది. దయచేసి తనని పిలవకండి. తెలుగు దుబాసీలు దొరుకుతారు, గంటకింతని తీసుకుంటారు. బిల్లు బోర్డు పేరు మీద వేయించండి. వచ్చే నెల మీటింగులో నా పేరు మళ్లీ ఇచ్చాను. ఈసారి అయేయో నా పక్కన కూర్చుంటుంది, తన 3 నిమిషాలూ సోమాలీలో మాట్లాడుతుంది. దుబాసీని పిలిపించి ఉంచండి.

ఇట్లు,
మీ బడిలో పని చేసే ఒక పారా